గుంటూరు నుంచి ఒక్కదాన్నే, ఒక్క రోజులో కొండ ఎక్కి జలపాతం చూసి రావాలంటే ఎటు వెళ్ళాలి?

బ్రాడీపేట_4వ_లైను

అందరికీ నమస్తే అండి. నాది గుంటూరు, మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తాను, వయసు 38. ఆదివారం ఒక్కటే సెలవు. అడగాలనుకున్నది ఏంటంటే, పొద్దున్నే బయల్దేరి ఒక్కదాన్నే ఎక్కడైనా కాస్త కొండ దారిలో నడిచి, ఒక జలపాతం చూసి, రాత్రి పడుకునే టైముకి ఇంటికొచ్చేయాలి. మా ఆయన వద్దనట్లేదు, ఫోన్ చేస్తూ ఉండు అన్నాడు అంతే. పిల్లలు హాస్టల్లో ఉన్నారు.

ఒక్కదాన్నే ఎందుకు అని మా ఆడపడుచు అడిగింది, మీరూ అడుగుతారని ముందే చెప్తున్నా. పెళ్ళైన దగ్గర్నుంచి ఎక్కడికెళ్ళినా వ్యాను మాట్లాడుకుని పదీ పదిహేను మందిమి, పులిహోర డబ్బాలు, పెరుగన్నం, పేపరు ప్లేట్లు. పోయినసారి ఒక జలపాతానికి వెళ్తే అటు వీపు పెట్టి కూర్చుని అందరికీ వడ్డించా, వడ్డన అయ్యేసరికి డ్రైవరు హారన్ కొట్టేశాడు. చప్పుడు విన్నానే గానీ నీళ్ళు సరిగ్గా చూడలేదు. అది మనసులో ఉండిపోయింది.

రోజూ పొద్దున ఎన్టీఆర్ స్టేడియంలో గంట నడుస్తాను, నడకకి భయం లేదు, కొండ మాత్రం అలవాటు లేదు. బండి లేదు, బస్సులోనే వెళ్ళాలి. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_బెజవాడ

అక్కా, ముందు కుదరనివి చెప్పేస్తా, ఎందుకంటే నెట్‌లో చూస్తే అన్నీ పక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి. మారేడుమిల్లి వైపు అమృతధార, జలతరంగిణి చాలా బాగుంటాయి కానీ రాజమండ్రి దాటి ఇంకా పైకి వెళ్ళాలి, బస్సులో ఒక్క రోజులో వెళ్ళి రావడం జరగని పని. బొగత ములుగు జిల్లాలో ఉంది, అదీ అంతే. భైరవకోన పాత ప్రకాశం జిల్లా చివర, సీఎస్ పురం దగ్గర, కొండని తొలిచి చేసిన 8 గుళ్ళు, పక్కనే పైనుంచి పడే నీళ్ళు, జీవితంలో ఒకసారి చూడాల్సిందే, అయితే సొంత కారుండి తెల్లారుజామున 4కి బయల్దేరితే తప్ప అదే రోజు వెనక్కి రాలేరు. తడ, తలకోన పేరు కూడా ఎత్తకండి, అవి తిరుపతి వైపు.

ఇక మిగిలింది ఎత్తిపోతల. మాచర్ల నుంచి సాగర్ వెళ్ళే దారిలో ఉంది. ఇది బస్సులో అయ్యే పనే. కానీ ఒక మాట ముందే చెప్పాలి, అది ట్రెక్కింగ్ కాదు. దగ్గరదాకా రోడ్డు ఉంది, వ్యూ పాయింట్ ఉంది, ఎదురుగా నిలబడి చూడటమే. నడక కావాలంటే అది వేరే రోజు పెట్టుకోండి: మీకైతే కొండవీడు దగ్గర, మా బెజవాడ వాళ్ళకైతే ఇబ్రహీంపట్నం దగ్గర ములపాడు, కొండపల్లి అడవి. కొండా జలపాతం రెండూ ఒకేచోట, ఒకే రోజు, గుంటూరు నుంచి బస్సులో, ఒంటరిగా అంటే నాకు తెలిసి లేదు. ఉందని ఎవరైనా చెప్తే దారి ఏంటి, ఫోన్ సిగ్నల్ ఉందా, ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ ఏంటి అని గట్టిగా అడిగి అప్పుడు నమ్మండి.

కుడికాలువ

మా ఊరి మాట వచ్చింది కాబట్టి నేను చెప్తా. నేను పుట్టింది పెరిగింది విజయపురి సౌత్‌లో, మా నాన్న కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఎత్తిపోతలని వ్యూ పాయింట్ అని తేలిగ్గా తీసేస్తే నాకు బాధగా ఉంటది. 70 అడుగుల ఎత్తు నుంచి పడుద్ది, పడేది ఒకే ధారగా కాదు, బండ అంచు మీద పాయలు పాయలుగా విడిపోయి పడుద్ది, కింద మడుగు ఉంటది, అక్కణ్ణుంచి ఓ 3 కిలోమీటర్లు పోయి కృష్ణలో కలుస్తది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి వచ్చే నీళ్ళు అవి. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి పక్కన పారేది చూశారా, ఆ చంద్రవంకే. యతులు తపస్సు చేసుకున్న తలం కాబట్టి యతి తపో తలం, అదే ఎత్తిపోతల అయిందని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. అక్కడ దత్తాత్రేయ స్వామి గుడి ఉంది, మా వైపు తండాల వాళ్ళకి ఆ స్వామి అంటే ప్రాణం.

ఇక అసలు సంగతి, నీళ్ళు ఎప్పుడుంటయ్యి అనేది. మాది వాన తక్కువ పడే నేల, రెంటచింతల ఎండల గురించి పేపర్లో చదివే ఉంటారు, దాని పక్కూరోళ్ళం మేము. వాగు వాన మీద బతికేది, ఆగస్టు నుంచి నవంబరు దాకా నిండుగా ఉంటది, మిగతా రోజుల్లో సాగర్ కుడి కాలువ నుంచి నీళ్ళు వదిలితే ధార ఉంటది, లేకపోతే సన్నంగా కారుద్ది. మాచర్లలో బస్సు దిగాక చంద్రవంక వైపు ఒకసారి చూడండి, వాగులో నీళ్ళు కదుల్తుంటే జలపాతంలో నీళ్ళు ఉన్నట్టే.

డ్యామ్ గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం రాబాకండి. 26 గేట్లు, అవి ఎత్తారని టీవీలో వచ్చిందంటే రెండు రాష్ట్రాల జనం అక్కడే ఉంటారు, మీరు మళ్ళీ జనం మధ్యలోనే నిలబడాల్సి వస్తది. గేట్లు దించాక ఒక వారం ఆగి రండి.

అన్నిటికంటే ముఖ్యం, కింద మడుగులో దిగొద్దు. కాళ్ళు కడుక్కుంటా అని కూడా దిగొద్దు. అక్కడ మొసళ్ళ పెంపకం కేంద్రం ఉంది, బోర్డు పెట్టింది ఊరికే కాదు. చిన్నప్పుడు మా నాన్న వెంట వెళ్ళినప్పుడు ఒక బండ మీద చెట్టు మొద్దు అనుకుని చూస్తున్నది మెల్లగా నీళ్ళలోకి జారిపోయింది, చప్పుడే లేదు. ఇప్పటికీ నాకు ఆ చప్పుడు లేకపోవడమే గుర్తు.

బ్రాడీపేట_4వ_లైను

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. కుడికాలువ గారూ మీరు చెప్తుంటే నీళ్ళ చప్పుడు వినపడ్డట్టే ఉంది. మొసళ్ళ సంగతి నాకు నిజంగా తెలీదు. అయితే ఒక డౌటు, నల్లమలలో నెమలిగుండం అని ఒకటి ఉందంట, గుండ్లకమ్మ అక్కడ జలపాతంగా పడుద్దంట, అడవిలో నడవాలి అని మా ఆఫీసులో గిద్దలూరు అబ్బాయి చెప్పాడు. అది ఒంటరిగా కుదురుద్దా?

కొండదారి

మేడమ్, ఆ ప్రశ్నకే నేను లాగిన్ అయ్యాను. వద్దు. నెమలిగుండం రంగనాయకస్వామి దగ్గరికి వెళ్ళేది పులుల అభయారణ్యం లోపల నుంచి, ఫారెస్ట్ వాళ్ళు గుడికి రానిచ్చే రోజున, భక్తులందరితో పాటు వాళ్ళు చెప్పిన దారిలో వెళ్ళి అదే దారిలో తిరిగొచ్చేయాలి. ఒంటరి నడకకి అది చోటు కాదు.

నేను పన్నెండేళ్ళుగా ఒంటరిగానే కొండలు తిరుగుతున్నా, కాబట్టి ఒంటరిగా వద్దు అని చెప్పే హక్కు నాకు లేదు. కానీ వాగు సంగతి ఒకటి చెప్పాలి, పూర్తిగా చదవండి. నాలుగేళ్ళ కింద సెప్టెంబరులో ప్రకాశం జిల్లా వైపు ఒక కొండ వాగు పట్టుకుని పైకి వెళ్ళా, పైన చిన్న జలపాతం ఉందని ఎవరో చెప్తే. ఊరి పేరు చెప్పను, చెప్తే ఎవరో ఒకరు వెళ్తారు. వాగు మోకాలి కిందకే ఉంది, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు, దాటేసి అవతల గట్టున పది నిమిషాలు నడిచి జలపాతం కింద కూర్చున్నా. ఎండ కాస్తోంది, నా నెత్తి మీద మబ్బు లేదు. దూరంగా కొండ వెనక మాత్రం నల్లగా ఉంది, ఉరుము కూడా వినపడింది, ఎక్కడో కదా అనుకున్నా. అదే నేను చేసిన తప్పు. మనం కూర్చున్నచోట వాన పడక్కర్లేదు మేడమ్, పైన ఎక్కడో పడితే ఆ కొండంతా జారిన నీళ్ళు ఒకే వాగులోకి వస్తాయి.

ముందు ఆకులొచ్చాయి. ఎండుటాకులు, పుల్లలు, నురగ. నీళ్ళు టీ రంగులోకి మారాయి. అప్పటికీ ఏదో చెట్టు కొమ్మ విరిగి పడిందేమో అనుకుని ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నా. తర్వాత తడి మట్టి వాసన గుప్పున కొట్టింది, చప్పుడు మారింది, గలగల కాస్తా రాళ్ళు దొర్లుతున్న చప్పుడు అయింది. పరిగెత్తి నేను దాటిన చోటికి వచ్చేసరికి అక్కడ మోకాలి లోతు నీళ్ళు నడుము దాటాయి, ఎర్రగా, మధ్యలో మొద్దులు కొట్టుకొస్తున్నాయి. దాటేద్దాం, ఎంత, ఇరవై అడుగులే కదా అనిపించింది. ఒక కాలు పెట్టా కూడా. కింద బండ పాచి పట్టి ఉంది, కాలు నిలవలేదు, గట్టున ఉన్న వేరు పట్టుకుని వెనక్కొచ్చా.

అవతలి గట్టున మేకలు కాసుకునే ఒక పెద్దాయన నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరుస్తున్నాడు, "దిగబాక, నీళ్ళు దిగుతయ్, నువ్వు దిగబాక" అని. కూర్చున్నా. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టుకున్నా, అది మునిగింది, ఇంకాస్త పైన ఇంకోటి గుచ్చా, అదీ మునిగింది, మూడోది మునగలేదు. గంటన్నర తర్వాత రెండో పుల్ల బయటికొచ్చింది. ఆ పెద్దాయన మేకల్ని తోలుకెళ్ళిపోయి మళ్ళీ టార్చ్ లైటు తీసుకుని వచ్చాడు నా కోసం. రాత్రి 7 దాటాక ఆయన కర్ర అటు నుంచి చాపితే పట్టుకుని దాటా. ఆయన రాకపోతే ఆ రాత్రి అక్కడే, సిగ్నల్ లేదు, ఇంట్లో ఎవరికీ ఎక్కడికెళ్ళానో సరిగ్గా చెప్పలేదు.

అందుకే ఇప్పుడు నేను పాటించేవి చెప్తా. నీళ్ళు దాటి అవతలికి వెళ్ళాల్సిన జలపాతానికి వానాకాలంలో ఒంటరిగా వెళ్ళను. ఇంట్లో ఊరి పేరే కాదు, ఏ దారి, ఎన్నింటికి తిరిగి రోడ్డెక్కుతా, ఎన్ని గంటల దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి అనేది కాగితం మీద రాసి పెడతా. మధ్యాహ్నం 2 కొడితే ఎక్కడున్నా వెనక్కి తిరగడమే, ఇంకో అరగంటలో కొండ పైకి చేరతాం అనిపించినా సరే. అక్టోబరు చివర్లో మన దగ్గర 5.40కే పొద్దు కుంకుద్ది, కొండ నీడలో ఇంకా ముందే చీకటి.

మీరు ముందు కొండవీడు ఎక్కండి, ఒంటరిగా కొండ మీద ఉండటం ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. ఎత్తిపోతల తర్వాత.

పాత_బెజవాడ

కొండదారి అన్నా, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. నా మాట మాత్రం ఇంకా అదే, అక్క ఎవరినైనా ఒకరిని తోడు తీసుకెళ్తే మంచిది. మీకు పెద్దాయన దొరికాడు కానీ అందరికీ దొరకడు కదా.

సిస్టర్_డ్యూటీ

తోడు సంగతి ఆమెకి తెలీక అడగలేదు తమ్ముడూ, ఎందుకు ఒంటరిగా అనేది మొదట్లోనే రాసింది, వడ్డన మాట మళ్ళీ ఒకసారి చదువు. జనం ఉండే చోటికి, పగటి పూట, బస్సు దారిలో ఉన్న చోటికి వెళ్తానంటోంది, అడవిలోకి వద్దంటే వింటోంది కూడా.

నేను గుంటూరులోనే నర్సుగా చేస్తాను అక్కా. వానాకాలం అయ్యాక మా వార్డుకి స్క్రబ్ టైఫస్ కేసులు వస్తాయి, అందుకే ఇది చెప్తున్నా. పొదల్లో, గడ్డిలో కంటికి కనపడనంత చిన్న పురుగు కుడుతుంది, కుట్టినప్పుడు నొప్పి కూడా తెలీదు, పది రోజుల్లోపు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, చంకలో, నడుము దగ్గర, గజ్జల్లో, బట్టల కింద ఉంటుంది కాబట్టి డాక్టరుకి చూపించడానికి ఆడవాళ్ళు సిగ్గుపడతారు, అక్కడే ఆలస్యం అవుతుంది. పెచ్చు కనపడకపోయినా సరే, కొండ ఎక్కి వచ్చాక జ్వరం వస్తే "నేను ఫలానా రోజు కొండకి వెళ్ళాను" అని మొదటి మాటగా చెప్పు, డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుతో తగ్గే జబ్బు అది, టైముకి పట్టుకోవాలి అంతే. ఫుల్ ప్యాంటు, సాక్సు ప్యాంటు మీదకి లాగి వేసుకో, గడ్డి మీద పడుకోవద్దు, ఇంటికి రాగానే ఆ బట్టలు వేడి నీళ్ళలో వేసి స్నానం చెయ్యి.

పాము కరిస్తే కొయ్యడం, తాడుతో బిగించి కట్టడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. గాజులు, ఉంగరాలు తీసెయ్, వాపు వస్తే ఇరుక్కుంటాయి. కాలు కదపకుండా కూర్చుని 108కి ఫోన్ చెయ్యి.

ఇంకోటి ఎవరూ చెప్పరు కానీ నేను చెప్తా, బాత్రూమ్ ఉండదేమో అని పొద్దుట్నుంచి నీళ్ళు తాగకుండా వెళ్ళొద్దు. ఆ ఎండలో తల తిరిగి పడిపోయేది అందుకే. గుంటూరు బస్టాండులో, మాచర్ల బస్టాండులో దిగిన వెంటనే వెళ్ళొచ్చెయ్, నీళ్ళు మాత్రం తాగుతూనే ఉండు. ఆధార్ కార్డు పెట్టుకో, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు కదా, ఆ డబ్బుతో మంచి గ్రిప్పున్న బూట్లు కొనుక్కో.

బ్రాడీపేట_4వ_లైను

మూడు వారాలైంది, వెళ్ళొచ్చాను. చెప్పకుండా ఉంటే బాగోదని రాస్తున్నా.

మొదటి ఆదివారం కొండవీడు. పైదాకా ఘాట్ రోడ్డు ఉంది, కార్లు అటు పోతున్నాయి, నేను నడిచే ఎక్కా. రెడ్డిరాజుల కోట, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నది, చిన్నప్పుడు పుస్తకంలో చదివినదే, గుంటూరులో ఇన్నేళ్ళుండి ఒక్కసారి ఎక్కలేదు. మొదటి అరగంట గుండె దడదడలాడింది, ఎక్కడానికి కాదు, వెనకాల ఎవరో వస్తున్నట్టు అనిపించి. చూస్తే నా బ్యాగు జిప్పు చప్పుడే. దానికి గుడ్డ ముక్క కట్టాక పోయింది. పైన చెరువుల దగ్గర ఒక ముసలమ్మ సీతాఫలాలు అమ్ముతోంది, రెండు కొనుక్కుని బురుజు నీడలో తిన్నా. మధ్యాహ్నం 2కి ఠంచనుగా తిరిగా, కొండదారి గారు చెప్పినట్టే. దిగేటప్పుడు మోకాళ్ళు వణికాయి, అది ఎవరూ చెప్పలేదు, దిగడమే కష్టం.

ఎత్తిపోతలకి నిన్న వెళ్ళా. తెల్లారి మొదటి బస్సు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ దాటేసరికి సున్నం బట్టీల మీద ఎండ పడుతోంది. మాచర్లలో దిగి చంద్రవంక వైపు చూశా, నీళ్ళు కదులుతున్నాయి. అప్పుడే గుండెలో ఏదో అయింది, ఇంకా జలపాతం చూడలేదు కానీ చూసినట్టే అనిపించింది. సాగర్ బస్సెక్కి కండక్టరుకి చెప్తే రోడ్డు మీద దింపాడు, లోపలికి నడిచా. ముందు చప్పుడు వినపడింది, నీళ్ళు కనపడలేదు. కావాలనే మెల్లగా నడిచా.

అక్కడ ఒక వ్యాను వాళ్ళు దిగారు, నాలాంటి ఆమె ఒకామె డబ్బాలు విప్పుతోంది. నేను రెయిలింగ్ దగ్గర చివరికి వెళ్ళి నిలబడ్డా. కుడికాలువ గారూ, పాయలు పాయలుగా అన్నారు కదా, ఎడమ పక్కన ఒక సన్న పాయ ఉంది, అది గాలి వచ్చినప్పుడల్లా బండకి తగలకుండా పక్కకి వాలి మళ్ళీ వచ్చి బండని తాకుతోంది. దాన్నే చూస్తూ ఉండిపోయా. ఫోన్ చూసుకుంటే గంటా పది నిమిషాలు అయింది. తినలేదు, ఫోటో కూడా ఒక్కటే తీశా. తర్వాత ఆ డబ్బాల ఆమె వచ్చి ఒక్కరే వచ్చారా అని అడిగింది, అవునంటే కాసేపు నా పక్కనే నిలబడింది, లోపల్నుంచి ఎవరో పిలిచేదాకా. మొసలి కనపడలేదు, మడుగు దగ్గరికి నేను వెళ్ళలేదు కూడా.

దత్తాత్రేయ స్వామికి దణ్ణం పెట్టుకుని 2 గంటలకల్లా రోడ్డెక్కా. అనుపు, నాగార్జునకొండ ఈసారికి వదిలేశా. సిస్టర్ గారూ, నీళ్ళు రెండు లీటర్లూ తాగా, బట్టలు వేడి నీళ్ళలో వేశా, ఇప్పటిదాకా జ్వరం ఏం లేదు, పది రోజులూ చూసుకుంటా.

పాత బెజవాడ గారూ, ములపాడు సంగతి అడగాలి. ఆదివారం పొద్దున్నే గుంటూరులో బస్సెక్కి బెజవాడ వస్తే ఇబ్రహీంపట్నం వైపు సిటీ బస్సు దొరుకుద్దా, అక్కడ ఫారెస్ట్ గేటు ఎన్నింటికి తీస్తారు?

పాత_బెజవాడ

చాలా సంతోషం అక్కా, మొత్తం రెండుసార్లు చదివా. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బస్సులు ఉంటాయి. గేటు టైము నోటికి చెప్పి మిమ్మల్ని అక్కడ నిలబెట్టడం ఇష్టం లేదు, గురువారం నాకు కొండపల్లిలో పని ఉంది, వెళ్ళి అడిగి ఇక్కడే రాస్తా.